చేత్తో తుడిస్తే చిట్టాలోంచి పోదు: ఎన్‌జిన్‌ఎక్స్ తీసేసి మళ్లీ పెట్టుకోలేకపోయిన తమ్ముడికి

ప్రశ్న: అన్నా, ఉబుంటు 22.04లో ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వేసుకున్నాను. కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైళ్లు) పాడుచేసుకుని, తీసేసి మళ్లీ మొదట్నుంచి వేద్దామని "సుడో ఆప్ట్ రిమూవ్ ఎన్‌జిన్‌ఎక్స్" కొట్టాను. తీసేశానంది. కానీ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తెరిస్తే పేజీ వస్తూనే ఉంది. ఒళ్లు మండి, ఈటీసీలో ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్ ఫోల్డరు, ఎస్‌బిన్‌లో ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్ ఫైలు రెండూ ఆర్‌ఎం కమాండ్‌తో లేపేశాను. అప్పుడూ పేజీ వచ్చింది! సిస్టం రీస్టార్ట్ చేశాకే పోయింది. ఇప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అంతా బాగానే అయినట్టు చూపిస్తోంది గానీ, ఎన్‌జిన్‌ఎక్స్ అని కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది. ఫార్మాట్ కొట్టేయమంటారా?

సమాధానం: ఫార్మాట్ వద్దు తమ్ముడూ. మూడు కమాండ్ల పని. కాకపోతే ఆ మూడూ ఊరికే చెప్పేస్తే ఇంకో నెలకి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో ఇదే కథ పట్టుకుని వస్తావు. అందుకే నీ మెషీన్‌లో ఏం జరిగిందో ముందు చెబుతాను. కమాండ్లు తెలుగులోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకో.

ఉబుంటులో సాఫ్ట్‌వేర్ లెక్కలు రాసే గుమస్తా పేరు డీపీకేజీ. 1994 నుంచీ డెబియన్ అనే లైనక్స్‌లో ఉన్నాడు, ఉబుంటుకి అక్కడినుంచే వచ్చాడు. ఏ ప్యాకేజీ ఉంది, ఏ వెర్షను, ఏ ఫైళ్లు ఎక్కడ పెట్టింది అన్నీ /వార్/లిబ్/డీపీకేజీ అనే ఫోల్డరులో మామూలు టెక్స్టు ఫైళ్లలో రాసుకుంటాడు. అక్కడ స్టేటస్ అనే ఫైలుంటుంది, లెస్ కమాండ్‌తో తెరిచి చూడు, చదవచ్చు. మార్చకు. మనం రోజూ వాడే ఆప్ట్ ఈ గుమస్తాకి పైన ఉండే మేస్త్రీ: నెట్‌లోంచి సరుకు తెప్పించడం, దేనికి ఏది కావాలో చూడటం దాని పని. 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. పాత పాఠాల్లో "ఆప్ట్-గెట్" అని కనిపిస్తే కంగారు పడకు, అదీ ఇదే కుటుంబం. ఊరికే "ఆప్ట్" అని కొట్టే కమాండు 2014లో వచ్చింది. టెర్మినల్ ముందు కూర్చుని చేసేటప్పుడు ఆప్ట్, స్క్రిప్టులో రాసేటప్పుడు ఆప్ట్-గెట్. నా అలవాటు అది.

ఇప్పుడు నీ మొదటి కమాండు. 22.04లో "ఎన్‌జిన్‌ఎక్స్" అనే ప్యాకేజీలో అసలు సరుకేమీ లేదు. అది సరుకుల చీటీ. "ఎన్‌జిన్‌ఎక్స్-కోర్ తెప్పించండి" అని రాసున్న చీటీ అన్నమాట. సర్వర్ ప్రోగ్రామ్ ఉండేది ఎన్‌జిన్‌ఎక్స్-కోర్‌లో, కాన్ఫిగ్ ఫైళ్లు ఉండేది ఎన్‌జిన్‌ఎక్స్-కామన్‌లో. నువ్వు రిమూవ్ కొట్టినప్పుడు చించింది చీటీని. బియ్యం, పప్పు వంటింట్లోనే ఉన్నాయి. పేజీ రాక ఏమవుతుంది?

ఆ సంగతి స్క్రీన్ మీద చెప్పింది కూడా. "ఈ కింది ప్యాకేజీలు ఆటోమేటిక్‌గా వచ్చినవి, ఇక అవసరం లేదు" అని ఒక పెద్ద జాబితా, అందులో ఎన్‌జిన్‌ఎక్స్-కోర్, ఎన్‌జిన్‌ఎక్స్-కామన్ పేర్లు. తీసేసేది మాత్రం ఒక్కటే, ఎన్‌జిన్‌ఎక్స్. దాని కింద "ఇంత డిస్కు స్థలం ఖాళీ అవుతుంది" అనే లైనులో లెక్క ఎంబీల్లో కాదు, కేబీల్లో వచ్చుంటుంది. ఒక వెబ్ సర్వర్ పోతే ఖాళీ అయ్యేది కేబీలేంటి అని అక్కడే అనుమానం రావాలి. రాలేదులే, నాకూ మొదట్లో రాలేదు.

రెండోది, ఫైలు చెరిపేసినా పేజీ వచ్చిందన్నావు. దెయ్యమేం కాదు. లైనక్స్‌లో ఆర్‌ఎం కొడితే పోయేది డైరెక్టరీలోని ఆ పేరు. అప్పటికే ఆ ఫైలుని తెరిచి నడుస్తున్న ప్రాసెస్ ఉంటే, అది ఆగేదాకా అసలు డేటా డిస్కు మీదే ఉంటుంది. నీ ఎన్‌జిన్‌ఎక్స్ సర్వీసు ఆగలేదు, కాన్ఫిగ్ కూడా ముందే చదివేసుకుని మెమరీలో పెట్టుకుంది. రీస్టార్ట్ చేశాక మళ్లీ మొదలుపెడదామంటే ఫైలు లేదు. సర్వీసుల సంగతి చెప్పే సిస్టమ్‌సీటీఎల్ కమాండుతో స్టేటస్ చూస్తే 203 అనే కోడు కనిపించుంటుంది. నడపమన్న ప్రోగ్రామే దొరకలేదని దానర్థం.

ఇక మూడోది, అసలు ముడి ఇక్కడే ఉంది. నువ్వు గోడౌన్‌లోంచి బస్తాలు మోసుకెళ్లి బయట పారేశావు, స్టాకు రిజిస్టరులో రాయలేదు. గుమస్తా రిజిస్టరు చూస్తాడు, గోడౌన్ తలుపు తీసి చూడడు. మళ్లీ "ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎన్‌జిన్‌ఎక్స్" అనగానే చీటీ తెచ్చి పెట్టాడు. చీటీలో కోర్ కావాలని ఉంది. రిజిస్టరులో కోర్ ఉన్నట్టే రాసుంది. "ఉంది కదా" అని ఊరుకున్నాడు. తన లెక్క ప్రకారం తప్పేమీ లేదు, అందుకే ఎర్రర్ కూడా రాలేదు.

నమ్మకం లేకపోతే ఇది కొట్టి చూడు:

డీపీకేజీ --వెరిఫై ఎన్‌జిన్‌ఎక్స్-కోర్ ఎన్‌జిన్‌ఎక్స్-కామన్

రిజిస్టరునీ గోడౌన్‌నీ పోల్చి చూడమని గుమస్తాని బలవంతంగా పంపే కమాండు ఇది. "మిస్సింగ్" అని, పక్కన /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్/ఎన్‌జిన్‌ఎక్స్ అని వస్తుంది. దాని తర్వాత ఈటీసీలోని ఫైళ్లు వరసగా వస్తాయి, వాటి ముందు మాత్రం "సి" అనే అక్షరం ఉంటుంది. ఆ "సి" గుర్తుపెట్టుకో, అది కాన్ఫిగ్ ఫైలని గుర్తు. ప్యాకేజీ ఫైళ్లన్నీ గుమస్తాకి ఒకటి కాదు.

మామూలు ఫైలు పోతే "ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ ఎన్‌జిన్‌ఎక్స్-కోర్" అంటే చాలు, తెచ్చి పెట్టేస్తుంది. కాన్ఫిగ్ ఫైలు నువ్వు చెరిపేస్తే మాత్రం డీపీకేజీ దాన్ని పొరపాటు అనుకోదు. "యజమాని కావాలనే తీసేశాడు, మనం మళ్లీ పెట్టకూడదు" అనుకుంటుంది. ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా పెట్టదు. ఇది బగ్ కాదు, మర్యాద. సర్వర్ నడిపేవాడు చేసిన మార్పుల్ని అప్‌గ్రేడ్ వచ్చినప్పుడల్లా తుడిచేస్తే ఎవడికి కావాలి? కాకపోతే ఈ మర్యాద తెలియనివాడికి పెద్ద హింస. కాన్ఫిగ్ ఒక్కటే పోయినప్పుడు తెప్పించుకోవడానికి డీపీకేజీలో ఫోర్స్-కాన్ఫ్‌మిస్ అనే ఆప్షన్ ఉంది. నీ విషయంలో అది వాడను. సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డరులో ఉండే డిఫాల్ట్ అనే లింకు ప్యాకేజీలో వచ్చే ఫైలు కాదు, మొదటిసారి ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టు తయారుచేసేది. ఫోర్స్-కాన్ఫ్‌మిస్‌తో నడిస్తే ఫైళ్లొస్తాయి, లింకు రాదు. సర్వీసు లేస్తుంది, పేజీ రాదు. మళ్లీ ఇక్కడికే వస్తావు.

అందుకని రిజిస్టరులో లైను పూర్తిగా కొట్టేయించి, కొత్త సరుకులా తెప్పిద్దాం:

సుడో ఆప్ట్ పర్జ్ ఎన్‌జిన్‌ఎక్స్ ఎన్‌జిన్‌ఎక్స్-కోర్ ఎన్‌జిన్‌ఎక్స్-కామన్
సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎన్‌జిన్‌ఎక్స్

మొదటి కమాండు కొట్టాక వచ్చే జాబితాలో పేర్ల పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. నక్షత్రముంటే కాన్ఫిగ్‌తో సహా పోతుందని, లేకపోతే ఉత్త రిమూవ్ అని. రెండో కమాండు ఇక అవసరం లేని తోడు ప్యాకేజీల్ని ఊడ్చేస్తుంది, దాని జాబితాని తప్పకుండా చదువు, ఎందుకో కింద చెబుతాను. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్ ఫైళ్లు ఏమైనా కావాలంటే పర్జ్‌కి ముందే వేరే చోటికి కాపీ చేసుకో. మూడు పేర్లు రాయడానికి బద్ధకించి "ఎన్‌జిన్‌ఎక్స్" తర్వాత ఒక నక్షత్రం పెట్టి కొట్టమని నీకు ఎవరో ఒకరు చెబుతారు. పర్జ్‌లో నక్షత్రం నేను వాడను. కోట్స్ పెట్టకపోతే షెల్ ముందు నీ ఫోల్డరులోని ఫైలు పేర్లతో దాన్ని నింపేస్తుంది. కోట్స్ పెట్టినా అది ఏయే పేర్లకి తగులుతుందో ఊహించుకోవాలి. పేర్లు టైప్ చేస్తే వేళ్లేం అరిగిపోవు.

రిమూవ్‌కీ పర్జ్‌కీ తేడా ఇంకో చోట కళ్లకి కడుతుంది. "డీపీకేజీ --లిస్ట్" అని కొడితే ప్రతి లైను మొదట్లో రెండక్షరాలు వస్తాయి. "ఐఐ" అంటే చక్కగా ఉన్నట్టు. కొన్నింటికి "ఆర్‌సీ" అని ఉంటుంది. ప్రోగ్రామ్ పోయింది, కాన్ఫిగ్ మిగిలింది అని. బండి అమ్మేశావు, ఆర్‌సీ ఇంకా నీ పేరు మీదే ఉంది, అంతే అనుకో. మళ్లీ అదే బండి కొనుక్కునే ఉద్దేశముంటే ఉండనీ, పాత సెట్టింగులు పనికొస్తాయి. లేకపోతే ఆ పేరుతో పర్జ్ కొట్టు, పోతుంది. ఇంకోటి, పర్జ్ నీ హోం ఫోల్డరు జోలికి రాదు. ప్రోగ్రామ్ అక్కడ దాచుకున్న సెట్టింగులు అక్కడే ఉంటాయి, ఇష్టమైతే నువ్వే తీసుకోవాలి. ఇది మాత్రం చేత్తో తీసుకోవచ్చు, ఎందుకంటే ఆ ఫైళ్లు రిజిస్టరులో ఎప్పుడూ ఎక్కలేదు.

ఇదంతా భయం లేకుండా చేసి చూసుకోవడానికి మన దగ్గరో మంచి ప్యాకేజీ ఉంది: ఫాంట్స్-తెలుగువిజయం. డెబియన్‌లో, ఉబుంటులో రెండింట్లోనూ దొరుకుతుంది, అన్నీ తెలుగు ఫాంట్లే. ఇన్‌స్టాల్ చెయ్. "డీపీకేజీ --లిస్ట్‌ఫైల్స్ ఫాంట్స్-తెలుగువిజయం" అంటే ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో మొత్తం చూపిస్తుంది. అందులో ఒక ఫాంట్ ఫైలుని కావాలని ఆర్‌ఎంతో చెరుపు. ఇప్పుడు మళ్లీ ఆప్ట్ ఇన్‌స్టాల్ అను. "ఇప్పటికే కొత్త వెర్షన్ ఉంది" అని చేతులు కట్టుకుని కూర్చుంటుంది. వెరిఫై చెయ్, మిస్సింగ్ అని పట్టేస్తుంది. --రీఇన్‌స్టాల్ పెట్టి కొట్టు, ఫాంట్ తిరిగొస్తుంది. పది నిమిషాల్లో నీ ఎన్‌జిన్‌ఎక్స్ కథ మొత్తం నీ చేతుల మీదుగా ఇంకోసారి నడుస్తుంది, సర్వర్ పోకుండా. ఫాంట్లు కూడా మిగులుతాయి.

ఆటోరిమూవ్ జాబితా చదవమన్నాను కదా. దాని వెనక నా అవమానం ఒకటుంది. 16.04 రోజుల్లో ఒక కాలేజీ ల్యాబ్‌లో మెషీన్లు చూసుకునేవాణ్ణి. కొత్త పైథాన్ కావాలని ఒక లెక్చరర్ గారు అడిగారు. పాతది తీసేసి కొత్తది వేస్తే శుభ్రంగా ఉంటుందనుకున్నాను, విండోస్ బుర్ర. "సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3". స్క్రీన్ నిండా పేర్లు దిగాయి. చివర "వై ఆర్ ఎన్" అని అడిగింది. నా వేలు వై మీదే పుట్టినట్టుంది, నొక్కేశాను. రెండు నిమిషాలకి టెర్మినల్ విండోలో మెనూలు పోయాయి, రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద లాగిన్ అని ఒక్క లైను. ఉబుంటు డెస్క్‌టాప్‌లో సగం పనులు పైథాన్3 మీద నడుస్తాయి. దాన్ని లాగితే దాని మీద నిలబడ్డవన్నీ వస్తాయి, ఉబుంటు-డెస్క్‌టాప్ అనే ప్యాకేజీతో సహా. ఆ పేరు జాబితాలో ఉంది. అక్షరాలా నా కళ్ల ముందు ఉంది.

అదృష్టం కొద్దీ ఆ గదికి వైరు నెట్ ఉంది. ఆ నల్ల స్క్రీన్ మీదే లాగిన్ అయి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్" కొట్టాను. కొంత వచ్చింది, కొంత రాలేదు. మిగతావి ఏవి పోయాయో తెలియక తల పట్టుకుంటే, పక్క ల్యాబ్ సీనియర్ ఒకాయన వచ్చి ఒక ఫైలు తెరిచి చూపించాడు: /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్. ఏ తేదీన, ఏ టైముకి, ఏ కమాండు, దానితో ఏమేం వచ్చాయి, ఏమేం పోయాయి అన్నీ వరసగా. "రిమూవ్" అని మొదలయ్యే ఆ ఒక్క లైను ఎంత పొడుగంటే స్క్రీన్ కిందకి దిగుతూనే ఉంది. దాన్ని చూసి ఒక్కొక్క పేరూ మళ్లీ వేశాను. భోజనం టైము దాటిపోయింది. లెక్చరర్ గారికి "అప్‌డేట్స్ వస్తున్నాయి సార్" అని చెప్పాను, అది మాత్రం పూర్తిగా అబద్ధం కాదు.

నా ఒక్కడికే అయిందని కాదు. 2021 నవంబరులో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబర్ ఉబుంటు మీద కట్టిన పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేముల ప్రోగ్రామ్ వేసుకోబోయి డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్నాడు, కెమెరా ముందే. ఆ సమయానికి ప్యాకేజీల్లో నిజంగానే ఒక లోపముంది, అది ఆయన తప్పు కాదు. కానీ ఆప్ట్ "ఇది చాలా ప్రమాదం" అని హెచ్చరించి, "యెస్, డూ యాజ్ ఐ సే!" అని వాక్యం మొత్తం టైప్ చేయమంది. ఆయన చేశాడు. ఇన్‌స్టాల్ చేస్తుంటే రిమూవ్ జాబితా వస్తోందంటే చెయ్యి ఆగాలి. కొత్త ఆప్ట్ 3.0లో తీసేసే పేర్లు ఎర్రగా వస్తాయి, 22.04లో అది లేదు, కాబట్టి నువ్వు కళ్లతోనే వెతుక్కోవాలి.

నేను ఇప్పుడు వై నొక్కేముందు చూసేది జాబితా చివరి లైను. ఎన్ని అప్‌గ్రేడ్, ఎన్ని కొత్తవి, ఎన్ని రిమూవ్ అని అంకెలుంటాయి. ఒకటి తీసేయమంటే "40 టు రిమూవ్" అని ఉంటే ఎన్ నొక్కి, పైకెళ్లి పేర్లు చదువుతాను. అనుమానమున్న పనైతే కమాండులో --సిమ్యులేట్ చేర్చి కొడతాను, ఉత్తుత్తిగా చేసి చూపిస్తుంది, ఏదీ ముట్టుకోదు. ఆటోరిమూవ్ జాబితాలో నీకు కావాల్సింది ఏదైనా కనిపిస్తే "సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్" అని దాని పేరు ఇవ్వు. "ఇది నేనే అడిగి తెప్పించుకున్నాను" అని రిజిస్టరులో రాయించినట్టు. ఇక దాన్ని ఊడ్చదు.

మైఎస్‌క్యూఎల్ మాట ఎత్తాను కదా. మైఎస్‌క్యూఎల్-సర్వర్ కూడా చీటీయే, అసలుది మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0. దాన్ని పర్జ్ చేస్తే డేటాబేసులు కూడా చెరిపేయనా అని విడిగా ఒక స్క్రీన్ పెట్టి అడుగుతుంది. అక్కడ చదవకుండా యెస్ అంటే డేటా పోతుంది. ముందు డంప్ (డేటాబేసుల కాపీ) తీసుకో, తర్వాత పర్జ్.

పైథాన్ కొత్త వెర్షను కావాలంటే పాతది పీకక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి, ప్రాజెక్టుకో వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్ ఫోల్డరు) పెట్టుకో. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచీ సిస్టం పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ సొంత ఇన్‌స్టాలర్) నేరుగా వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్‌డ్" అని అడ్డుకుంటోంది. ఒకే గోడౌన్‌లో ఇద్దరు గుమస్తాలు, రెండు రిజిస్టర్లు అయితే ఏమవుతుందో నీకిప్పుడు తెలుసు. స్నాప్ అయితే పూర్తిగా వేరే దుకాణం. 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది, ఆప్ట్‌లో ఉన్నది దానికి దారి చూపించే చీటీ. అది తీయాలంటే "స్నాప్ రిమూవ్". బయట డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైలుంటే దాని పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టి ఆప్ట్ ఇన్‌స్టాల్‌కే ఇవ్వు, కావాల్సిన తోడు ప్యాకేజీలు అదే తెచ్చుకుంటుంది. చుక్క, స్లాష్ మర్చిపోతే తన ప్యాకేజీల జాబితాలో ఆ పేరు కోసం వెతికి లేదంటుంది.

పర్జ్ కొట్టగానే "లాక్ దొరకలేదు" అని వస్తే కంగారుపడి లాక్ ఫైలు చెరపకు. చెరపమని చెప్పే వీడియోలు బోలెడు. సిస్టం ఆన్ చేసిన కొద్దిసేపటికి అప్‌డేట్స్ తమంతట తామే నడుస్తుంటాయి, రిజిస్టరు వాళ్ల చేతిలో ఉంది. టీ తాగి రా. మధ్యలో కరెంటు పోయి ఆగిపోతే, వచ్చాక ముందు "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ", ఆ తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఈ రెండూ నాకు కంఠతా.

మూడు కమాండ్లూ అయ్యాక లోకల్‌హోస్ట్ తెరువు, "వెల్‌కమ్ టు ఎన్‌జిన్‌ఎక్స్" రావాలి. సర్వీసు లేవకుండా "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అంటే 80వ పోర్టు మీద ఇంకెవరో కూర్చున్నట్టు, "సుడో ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ" కొడితే పేరు తెలుస్తుంది. అపాచీ2 (ఇంకో వెబ్ సర్వర్) అని వస్తే ఎప్పుడో పీహెచ్‌పీ వేసుకున్నప్పుడు అది వెంట వచ్చుంటుంది. నీకు అక్కర్లేదని తేలితే తీసేయ్, ఎలాగో ఇప్పుడు తెలుసు. ఇంకేదైనా వస్తే హిస్టరీ.లాగ్‌లో చివరి నాలుగు ఎంట్రీలు కాపీ చేసి పెట్టు. స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్టు.